ముక్కెర, ముకుతాడు: స్త్రీవాద విమర్శలో ఒక రూపకం – పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

ముక్కునగను పశువు ముకుతాడుతో పోల్చి, దానిని స్త్రీ దాస్యానికి చిహ్నంగా చదవడం ఆధునిక తెలుగు చర్చల్లో తరచుగా కనిపించే పద్ధతి. ఈ పోలికకు భాషాశాస్త్రపరమైన ఆధారం ఉంది, సాహిత్య సంప్రదాయమూ ఉంది. అయినా ముక్కుదూలానికి మందపాటి రింగు కోరి కుట్టించుకుంటున్న నేటి యువతుల విషయంలో ఈ రూపకం సరిగా పనిచేయడం లేదు. ఆ సందర్భంలో అభ్యుదయ విమర్శకుడి మాట, ఇంటి పెద్ద మందలింపు ఒకే వాక్యంగా మారిపోతున్నాయి. ఎడ్లబండి, చెరుకు, ఉర్దూ సంపర్కం, లంబాడీ తండాలు ఒకే చోట కలిసిన నిజామాబాద్–బోధన్ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ రూపకం బలాన్ని, పరిమితిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పశువును కట్టిపడేసేది ముక్కులోని రంధ్రం కాదు, తాడు రెండో కొసను పట్టుకున్న చేయి అన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన.

కీలక పదాలు: ముక్కెర, అడ్డబాస, బులాకీ, ముకుతాడు, సెప్టమ్ పియర్సింగ్, స్త్రీవాద విమర్శ, బోధన్.

1. ఉపోద్ఘాతం

స్త్రీ శరీరం మీది ప్రతి వస్తువునూ ప్రశ్నించడం స్త్రీవాద సాహిత్యం తెలుగు విమర్శకు ఇచ్చిన గొప్ప అలవాటు. మంగళసూత్రం, మెట్టెలు, గాజులు, పైట అప్పటివరకు అలంకారాలుగానో ఆచారాలుగానో చెలామణి అయినవి. వాటి వెనుక ఎవరి అధికారం పనిచేస్తున్నదని అడగడం 1980ల తరువాతి కవిత్వంతో బలపడింది. జయప్రభ రాసిన ‘పైటను తగలెయ్యాలి’ కవిత ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఒక గుడ్డపేలిక మీద సమాజం మోపిన బరువును ఆ కవిత బయటపెట్టింది. అదే దారిలో ముక్కుపుడక, ముక్కెర, బులాకీ వంటి ముక్కునగలు కూడా విమర్శకు గురయ్యాయి. వాటికి దొరికిన పోలిక ముకుతాడు.

ఈ పోలిక వినగానే మనసుకు ఎక్కుతుంది. అందుకు కారణం ఉంది. రెండూ ముక్కును తొలిచే పెడతారు. రెండింటిలోనూ నొప్పి ఉంది. రెండింటినీ భరించే ప్రాణి సమ్మతిని చాలా సందర్భాల్లో ఎవరూ అడగలేదు. అయితే ఒక రూపకం వెంటనే మనసుకు ఎక్కినంత మాత్రాన అన్ని కాలాలకూ సరిపోతుందని చెప్పలేం. గడచిన కొన్నేళ్లుగా ముక్కు పక్కన కాక ముక్కు నడిమి గోడకు, అదీ సన్నని తీగ కాక మందమైన లోహపు రింగుకు సరిపడేలా కుట్టించుకోవడం యువతలో ఒక కోరికగా కనిపిస్తున్నది. దీనిని సెప్టమ్ పియర్సింగ్ అంటున్నారు. చూసేవారికి ఇది ముక్కుపుడక కన్నా ముకుతాడునే ఎక్కువగా గుర్తు చేస్తుంది. పశువుకు కుట్టే చోటే మనిషికీ కుట్టడం, రింగు మందంగా ఉండటం అందుకు కారణాలు. రూపకం అక్షరాలా నిజమైనట్టు కనిపించే ఈ సందర్భంలోనే దాని లోపమూ బయటపడుతుంది.

2. పదాల సాక్ష్యం

ముక్కునగలకు తెలుగులో పదాలు చాలా ఉన్నాయి. ముక్కెర, ముక్కర, ముంగర, ముక్కుపుడక, నత్తు, బేసరి, అడ్డబాస, బులాకీ మొదలైనవి వాటిలో కొన్ని. ఇవన్నీ ఒకే వస్తువు పేర్లు కావు. ముక్కుపుడక ముక్కు పక్కభాగానికి పెట్టుకునేది. నత్తు కూడా సాధారణంగా పక్కకే పెట్టుకునే వలయం. అడ్డబాస, బులాకీ ముక్కుదూలానికి చెందినవి. రెండు రంధ్రాల నడుమ నుంచి పెదవి మీదికి వేలాడే నగను ఈ పేర్లతో పిలుస్తారు. ఈ తేడాను గమనించకుండా ‘ముక్కునగ’ అని ఒకే గాటన కట్టడం ఈ విషయంపై సాగే చర్చల్లో మొదటి పొరపాటు.

ఈ పదాల్లో కొన్ని దేశ్యాలు, కొన్ని అన్యదేశ్యాలు. నత్తు, బేసరి, బులాకీ హిందుస్తానీ సంపర్కంతో వచ్చినవి. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు భాషలూ నిత్యం వినిపించే బోధన్ వంటి సరిహద్దు పట్టణంలో ఈ పదాలు ఒక నోటి నుంచి మరో నోటికి సులభంగా మారాయి. తండాల్లోని లంబాడీ స్త్రీలు ధరించే ముక్కువలయానికి భూరియా అని పేరు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే కుటుంబాల్లో నథ్ అన్న మాట వినిపిస్తుంది. ఇన్ని పదాలు ఒకే తాలూకాలో ఉండటం వల్ల, ముక్కునగ అనగానే ఒకే అర్థాన్ని ఊహించడం ఇక్కడ సాధ్యం కాదు.

పద చరిత్ర మాత్రం ముకుతాడు రూపకాన్ని సమర్థిస్తుంది. నత్తుకు మూలమైన ‘నథ్’ అన్న మాట, పశువు ముక్కుతాడును సూచించే ప్రాకృత ‘ణత్థ’ పదం ఒకే కుదురుకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు చూపారు. హిందీలో ‘నాథ్‌నా’ అంటే ఎద్దు ముక్కు కుట్టి తాడు వేయడం. ముక్కు కుట్టిన ఎద్దుకు నస్తితం, నస్యోతం అనే పేర్లను అమరకోశం ఇస్తుంది. తెలుగులోనూ ముక్కెర, ముకుతాడు రెండింటికీ ముక్కే ఆధారం. కాబట్టి ఈ పోలిక ఏ కవి ఊహలోనో పుట్టింది కాదు. భాష తన పునాదుల్లోనే దానిని దాచుకుంది.

అయితే పదమూలం వేరు, పదార్థం వేరు. ఒక మాట ఎక్కడ పుట్టిందో చెప్పినంత మాత్రాన అది నేడు ఏం చేస్తున్నదో చెప్పినట్టు కాదు. ఈ సంగతిని గుర్తించడానికి నగ చరిత్ర కూడా సాయపడుతుంది. ప్రాచీన భారత శిల్పాల్లో, సంస్కృత వాఙ్మయపు తొలి దశల్లో ముక్కునగ కనిపించదని ఎ.ఎస్. ఆల్టేకర్, పి.కె. గోడే వాదించారు. 1938లో వెలువడిన ఆల్టేకర్ గ్రంథం హిందూ నాగరికతలో స్త్రీల స్థానాన్ని చర్చిస్తూ ఈ విషయాన్ని ప్రస్తావించింది. షోడశ సంస్కారాల జాబితాలో కర్ణవేధ ఉంది, నాసికావేధ లేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానం 16వ అధ్యాయం చెవి కుట్టే పద్ధతిని వివరించి, తెగిన ముక్కును అతికే విధానాన్నీ చెబుతుంది. ఎడమ ముక్కు కుట్టించుకుంటే ప్రసవం సులభమవుతుందన్న మాట నేడు శాస్త్రం పేరుతో ప్రచారంలో ఉంది. ఈ అధ్యాయాన్ని దానికి ఆధారంగా చూపడం కుదరదు. ముక్కునగ అనాది దాస్యమూ కాదు, అనాది విజ్ఞానమూ కాదు. చరిత్రలో ఒక దశలో వచ్చి, అనేక సమూహాల చేతుల్లో అనేక అర్థాలు పొందిన వస్తువు అది.

3. చెరుకు సీమలో ముకుతాడు

ముకుతాడు అంటే ఏమిటో రూపకంగా కాక వస్తువుగా చూడటం అవసరం. మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం బోధన్, బాన్సువాడ, నిజామాబాద్ ప్రాంతాల మెట్టను మాగాణిగా మార్చింది. ఆ నీటితో పెరిగిన చెరుకుకు ఆధారంగా 1937లో బోధన్ శివారు శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడే వరకు ఈ ప్రాంతపు బతుకు దాని చుట్టూ తిరిగింది. ట్రాక్టర్లు, లారీలు విస్తరించక ముందు చెరుకును ఫ్యాక్టరీకి చేర్చిన ఎడ్లబండి, బెల్లం గానుగలను తిప్పిన ఎద్దు ఈ సీమ ఆర్థిక జీవనానికి ఆధారాలు.

ఆ ఎద్దు పనిలోకి రావడానికి ముందు దాని ముక్కు కుట్టాలి. కోడెదూడ కాడికి వచ్చే వయసులో దానిని కదలకుండా పట్టుకొని, ముక్కు రంధ్రాల నడుమ మృదులాస్థికి ముందున్న మెత్తని భాగంలో మొనదేలిన పనిముట్టుతో పొడిచి తాడు దూరుస్తారు. ఆ తాడును కొమ్ముల వెనుకకు తీసి ముడివేస్తారు. గాయం మానాక దానికి పగ్గం కలుపుతారు. పశువు దేహంలో ముక్కు చాలా సున్నితమైన భాగం కాబట్టి చిన్న లాగుడు చాలు, అది తల తిప్పుతుంది. మనిషి కన్నా ఎన్నో రెట్లు బలమున్న జంతువును బలంతో కాక నొప్పి భయంతో నడిపించే సాధనం ఇది. బండి మీద కూర్చున్నవాడు పగ్గాన్ని రోజంతా లాగనక్కరలేదు. లాగగలడన్న సంగతి ఎద్దుకు తెలిస్తే చాలు.

తెలుగు జాతీయం ఈ పనితీరును సూక్ష్మంగా పట్టుకుంది. ‘ముకుతాడు వేయడం’ అంటే హద్దులు దాటుతున్నవాడిని అదుపులో పెట్టడం. అధికారులకు, ధరలకు, మొండి పిల్లలకు, పెత్తందారులకు ఈ మాటను వాడతాం. జాతీయంలో లింగభేదం లేదు. ఇంకా వెనక్కి వెళితే, మనుషులందరూ ఈశ్వరుని చేతిలో ముక్కుతాడు వేసిన పశువుల వంటివారన్న ఉపమానం భాగవతంలో ఒకటికి మించిన చోట్ల కనిపిస్తుంది. అక్కడ ముకుతాడు మొత్తం మానవజాతిది. ఆ తాడును స్త్రీ ముక్కునగకు కట్టింది ఆధునిక విమర్శ. పురుషాధికారాన్ని ఒక దృశ్యంగా చూపడానికి అది అవసరమైంది. కాని ఆ మార్పులో జాతీయం అసలు తూకం కొంత జారిపోయింది. జాతీయంలో ముఖ్యమైనది తాడు, దానిని పట్టుకున్నవాడు. విమర్శలో ముఖ్యమైనది రంధ్రమూ నగా అయ్యాయి.

4. ప్రబంధ నాసిక నుంచి శూర్పణఖ దాకా

తెలుగు సాహిత్యంలో ముక్కుకు దక్కిన స్థానం తక్కువది కాదు. ముక్కు మీద చెప్పిన ఒక పద్యం కారణంగానే నంది తిమ్మన ముక్కుతిమ్మన అయ్యాడని, ఆ పద్యాన్ని రామరాజభూషణుడు కొని తన వసుచరిత్రలో చేర్చుకున్నాడని ఐతిహ్యం. ఐతిహ్యం నిజానిజాలు ఎలా ఉన్నా పద్యంలోని కల్పన గమనించదగినది. తుమ్మెదలు తనను మాత్రమే ఎందుకు చేరవని కుమిలిపోయిన సంపెంగ తపస్సు చేసి స్త్రీ నాసికగా పుట్టి, ఇరువైపులా చూపులనే తుమ్మెదలను పొందిందన్నది ఆ ఊహ. నాసికను వర్ణించిన తెలుగు పద్యాల్లో అత్యంత ప్రసిద్ధమైన దీనిలో నగకు చోటు లేదు. సౌందర్యానికి ముక్కే చాలు. మరో వైపు లలితాసహస్రనామం, సౌందర్యలహరి వంటి స్తోత్రాల్లో అమ్మవారి నాసాభరణం నక్షత్రంతోనూ ముత్యంతోనూ ముడిపడి కనిపిస్తుంది. బాలకృష్ణుని ముక్కుకొన మీది ముత్యాన్ని వర్ణించే శ్లోకం తెలుగు ఇళ్లలో పిల్లలకు కూడా కంఠస్థమే. దేవత ముక్కునగ ధరిస్తే అది తేజస్సు, పురుషదైవం ధరిస్తే లీల, మానవ స్త్రీ ధరిస్తే దాస్యం అని ఒకే వస్తువుకు మూడు అర్థాలు చెప్పవలసి వస్తే, అర్థం వస్తువులో లేదని ఒప్పుకోక తప్పదు.

భక్తి సందర్భంలో ముక్కుపుడక మొక్కు తీర్చే కానుక కూడా. ప్రత్యేక రాష్ట్రం కోసం మొక్కుకున్న మొక్కులో భాగంగా 2017 సెప్టెంబరులో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు విజయవాడ కనకదుర్గమ్మకు బంగారు ముక్కుపుడక సమర్పించారు. ఒక రాజకీయ ఉద్యమ ఫలితానికి గుర్తుగా ముక్కునగ నిలిచిన సందర్భం అది. దానిని ఎవరూ ముకుతాడుగా చదవలేదు.

ముక్కుకు సాహిత్యంలో మరో ముఖం ఉంది. అది శూర్పణఖ ముఖం. కోరిక చెప్పుకున్న స్త్రీకి పడిన శిక్ష ముక్కు కోయడం. పరువును ముక్కుతో కొలిచే సమాజంలో ఆ శిక్ష అర్థం స్పష్టమే. ఓల్గా ‘విముక్త’ సంపుటిలోని ‘సమాగమం’ కథ ఈ కోసిన ముక్కు దగ్గర మొదలవుతుంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ సంపుటిలో, వాల్మీకి ఆశ్రమ కాలంలోని సీత అడవిలో శూర్పణఖను కలుస్తుంది. తన వైకల్యంతో, ద్వేషంతో దీర్ఘకాలం పోరాడిన శూర్పణఖ ఒక అందమైన తోటను పెంచింది. సౌందర్యం అంటే ఏమిటో తానే కొత్తగా నేర్చుకుంది. తోడుగా సుధీరుడిని పొందింది. కథ ఆమెకు ముక్కును తిరిగి ఇవ్వదు. ముక్కు ఉన్నా లేకున్నా తన దేహానికి అర్థం చెప్పుకునే హక్కును తిరిగి ఇస్తుంది.

‘సమాగమం’ విమర్శకు అందించే సూత్రం ఇక్కడే ఉంది. దేహం మీది గాయానికి అర్థం గాయంలో ఉండదు. ఎవరు చేశారు, ఆ తరువాత దానికి ఎవరు అర్థం చెబుతున్నారు అన్నదానిలో ఉంటుంది. లక్ష్మణుని కత్తి చేసిన గాయానికి సైతం శూర్పణఖ కొత్త అర్థం చెప్పుకోగలిగితే, ఒక యువతి తాను కోరి చేయించుకున్న చిన్న గాయానికి అర్థం చెప్పే హక్కు ఆమెకు లేదనడం స్త్రీవాద తర్కంలోనే పొసగదు. స్త్రీవాద సృజన ఎంతో దూరం నడిచింది. ముక్కునగ విషయంలో స్త్రీవాద విమర్శ మాత్రం పాత రూపకం దగ్గర ఆగిపోయింది.

5. రూపకం బలం ఎక్కడ ఉంది?

ఇంతమాత్రాన ముకుతాడు రూపకాన్ని పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. అది నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. ఊహ తెలియని పిల్లను ఒడిలో పట్టుకొని అవుసలి చేత ముక్కు కుట్టించినప్పుడు సమ్మతి ప్రశ్నే రాలేదు. అత్తింటి నగ కాబట్టి తీయరాదని, పెళ్లయింది కాబట్టి పెట్టుకోవాలని, భర్త పోయాడు కాబట్టి తీసేయాలని కుటుంబం శాసించినప్పుడు నగకు ఒక తాడు ఉంది. దాని కొస మరొకరి చేతిలో ఉంది.

హిందుస్తానీ కోఠాల సంస్కృతిలో ‘నథ్ ఉతార్‌నా’ అన్న తంతు ఇందుకు తీవ్రమైన ఉదాహరణ. యువ వేశ్య ముక్కు నుంచి నత్తు తీయడం ఆమె కన్యాత్వాన్ని ఒక పోషకుడికి అమ్మినదానికి గుర్తు. గమనించవలసింది ఏమంటే, అక్కడ దాస్యం నత్తు పెట్టుకోవడంలో కాక దానిని తీయడంలో వ్యక్తమైంది. తీసే అధికారం ధనమిచ్చినవాడిది. ముక్కునగ పెట్టుకోవడమే దాస్యం, తీసేయడమే విముక్తి అనుకునే సూత్రాన్ని ఈ ఒక్క ఉదాహరణ తలకిందులు చేస్తుంది.

మగపిల్లల ముక్కు కుట్టే ఆచారం మరో దిశను చూపుతుంది. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోతున్న కుటుంబాల్లో, తరువాత పుట్టిన కొడుకును మృత్యువు కంటికి పనికిరానివాడిగానో ఆడపిల్లగానో చూపడానికి ముక్కు కుట్టించడం దేశంలో అనేక చోట్ల ఉండేది. ఉత్తరాదిన నత్థూ, బులాకీ వంటి పేర్లు దాని ఆనవాళ్లు. తెలుగు నేల మీద అదే భయం పెంటయ్య, పుల్లయ్య వంటి పేర్లను పుట్టించింది. పెంటకుప్ప మీద, ఎంగిలి విస్తరిలో బిడ్డను పొర్లించి పేరు పెట్టడంతో పాటు కొన్ని కుటుంబాల్లో ముక్కు గాని చెవి గాని కుట్టించేవారు. ఇక్కడ ముక్కులోని రంధ్రం బిడ్డను బతుకుకు కట్టే ప్రయత్నం. అది కూడా ఒక తాడే, కాని దాని రెండో కొస తల్లి భయంలో ఉంది.

ఈ ఉదాహరణల నుంచి ముక్కునగను చదవడానికి మూడు ప్రశ్నలు ఏర్పడతాయి. కుట్టించాలని నిర్ణయించింది ఎవరు? తీయాలనుకుంటే తీయగలిగేది ఎవరు? ధరించినందుకు గాని ధరించనందుకు గాని శిక్ష వేయగలిగేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు ధరించినవారే అయినప్పుడు ముకుతాడు రూపకం చెల్లదు. జవాబు మరొకరైనప్పుడు సన్నని బంగారు పుడక కూడా ముకుతాడే అవుతుంది. విశాఖ మన్యంలో, దానిని ఆనుకొని ఉన్న కొరాపుట్ కొండల్లో ముక్కు రెండు పక్కలా, కొందరు నడుమ కూడా వలయాలు ధరించే ఆదివాసీ స్త్రీల విషయంలోనూ ఈ ప్రశ్నలు అడిగిన తరువాతే తీర్పు చెప్పాలి. ఆ వలయాలను వెనుకబాటుతనమనో స్వచ్ఛమైన సంస్కృతి అనో దూరం నుంచి నిర్ణయించడం రెండు విధాలా తొందరపాటు.

6. మందం తెచ్చిన కొత్త ప్రశ్న

సెప్టమ్ పియర్సింగ్‌లో నిపుణులు ఎంచుకునేది మృదులాస్థిని కాదు. దానికి ముందు ముక్కు కొన వైపున్న పలుచని పొరను. పశువు ముక్కులో తాడు దూర్చే చోటును ఇది పోలి ఉంటుంది. సాధారణంగా 16 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందమున్న నగతో ఇది మొదలవుతుంది. గాయం మానడానికి 2 నుంచి 3 నెలలు పడుతుంది. గేజ్ లెక్కలో అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. 14 గేజ్ 1.6 మిల్లీమీటర్లు, 8 గేజ్ 3.2 మిల్లీమీటర్లు, 0 గేజ్ సుమారు 8 మిల్లీమీటర్లు. పెద్ద గేజ్ కోరుకునేవారు నెలల తరబడి కొద్దికొద్దిగా రంధ్రాన్ని సాగదీస్తారు, లేదా మొదటే మందపాటి సూదితో కుట్టించుకుంటారు.

అంకెల వెనుక ఒక విలువల సమస్య ఉంది. సన్నని లాడం ఆకారపు నగను పైకి మడిచి ముక్కులో దాచుకోవచ్చు. ఆఫీసులో, అత్తింట్లో, ఇంటర్వ్యూలో అది కనిపించదు. తీసేస్తే రంధ్రం చిన్నదవుతుంది. కూచిపూడి, భరతనాట్య వేదిక మీద ముక్కు కుట్టించుకోని నర్తకి కూడా నొక్కి బిగించే బులాకీతో పాత్రను ధరించగలదు. ఇవన్నీ వెనక్కి తీసుకోగల అలంకారాలు. పెద్ద గేజ్ అలా కాదు. దానిని దాచడం కష్టం. బాగా సాగిన రంధ్రం మళ్లీ పూర్వరూపానికి రాకపోవచ్చు. అంటే మందం పెరిగేకొద్దీ ‘తీయగలిగే హక్కు’ ఆచరణలో తగ్గుతూ వస్తుంది. పైన ప్రతిపాదించిన మూడు ప్రశ్నల్లో రెండవది ఇక్కడ ధరించినవారికే ఎదురు తిరుగుతుంది. నేటి నిర్ణయం రేపటి మనిషిని కట్టేస్తుంది.

అరుణాచల్ ప్రదేశ్‌లోని అపతానీ స్త్రీల అనుభవం దీనికి పోల్చదగినది. వారి పెద్ద నాసికా బిళ్లలు ముక్కు పక్కలకు చెందినవి, దూలానికి కావు. అయినా మందం ప్రశ్న అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1970ల్లో సమూహం ఆ ఆచారాన్ని విరమించింది. తరువాతి తరం బిళ్లలు పెట్టుకోలేదు. అప్పటికే ధరించిన తరం ముఖాలు మాత్రం ఆ ఆచారాన్ని చివరిదాకా మోశాయి. సమాజం మనసు మార్చుకున్నంత తేలికగా దేహం మార్చుకోలేదు. పైటను తగలెయ్యవచ్చు, ముక్కులో సాగిన రంధ్రాన్ని తగలెయ్యలేం. వస్త్రం మీద నిర్మించిన విమర్శ సూత్రాన్ని దేహం మీద యథాతథంగా ప్రయోగించరాదన్నది ఈ తేడా చెప్పే పాఠం.

ఈ అభ్యంతరం నిజమైనదే. కాని అది దాస్యం గురించినది కాదు, బాధ్యత గురించినది. వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు జీవితంలో అనేకం ఉన్నాయి. పచ్చబొట్టు అలాంటిది. సంతానాన్ని కనడం, ఇల్లు విడిచి వెళ్లడం అలాంటివి. వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని స్త్రీ తీసుకోరాదని ఎవరూ నేరుగా అనరు. దానిని తీసుకున్న స్త్రీకి తెలివి లేదని మాత్రం సులభంగా అంటారు.

బోధన్ చుట్టుపక్కల ఒక ఇంట్లో ముక్కుదూలానికి మందపాటి రింగుతో కూతురు వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ‘ఎద్దుకేసినట్టు ఏందిది?’ అన్నది మొదటి మాట. ఎడ్లబండ్లు తోలిన తరం నోట ఆ మాట సహజం. వారి అనుభవంలో ఆ చోట లోహం గాని తాడు గాని ఉండేది పశువుకే. పోలికలో అవమానించే ఉద్దేశం కన్నా దిగ్భ్రాంతి ఎక్కువ. అయితే ఆ యువతి చదువుకున్న సాహిత్య విమర్శ కూడా అదే మాట చెబుతుంది. భాష మారుతుంది, ‘పితృస్వామ్యపు ముకుతాడు’ అవుతుంది. ఒకరు సంప్రదాయాన్ని మీరిందని, మరొకరు సంప్రదాయానికి లొంగిందని అంటారు. ఇద్దరి వాక్యంలోనూ ఆమె ఎద్దే. ఇద్దరూ అడగనిది ఒకటే: పగ్గం ఎక్కడ?

ఆ యువతి స్వేచ్ఛ సంపూర్ణమని ఈ వ్యాసం వాదించడం లేదు. ఫ్యాషన్ విపణి, సామాజిక మాధ్యమాల్లోని చిత్రాలు, సినిమా తారల అలంకరణ ఆమె కోరికను తీర్చిదిద్ది ఉండవచ్చు. విపణికీ పగ్గం ఉంటుంది. కాని విపణి ప్రభావం ముక్కునగకే పరిమితం కాదు. చీరకు, చెప్పులకు, విమర్శకుడి చేతిలోని ఫోనుకు కూడా అది వర్తిస్తుంది. అందరికీ వర్తించే లోపాన్ని ఒకరి ముక్కు మీద మాత్రమే చూపడం విమర్శ అనిపించుకోదు.

7. ముగింపు

ముక్కెరను ముకుతాడుగా చదవడం ఒక చారిత్రక అవసరంగా మొదలైంది. అలంకారం పేరుతో సాగిన అధికారాన్ని అది ఒక్క పోలికతో చూపగలిగింది. ఆ మేలు మరువరానిది. అయితే పోలికకు ఆధారమైన వస్తువును, అంటే చెరుకు సీమలో ఎద్దు ముక్కుకు కట్టిన అసలు తాడును పరిశీలిస్తే, దాని శక్తి రంధ్రంలో లేదని తేలుతుంది. బోధన్ కర్మాగారం మూతపడింది. ఎడ్లబండ్లు ట్రాక్టర్లకు దారి ఇచ్చాయి. కాడి దిగిన ఎద్దు ముక్కులో రంధ్రం అలాగే ఉంటుంది. పగ్గం విప్పిన తరువాత ఆ రంధ్రం దానిని ఎక్కడికీ లాగలేదు.

కాబట్టి ముక్కునగ ప్రస్తావన వచ్చే రచనలను చదివేటప్పుడు అది పక్కదా నడిమిదా, సన్ననిదా మందమైనదా, కుట్టించినది ఎవరు, తీయగలిగేది ఎవరు అన్న వివరాలను విమర్శ ముందుగా సేకరించాలి. ఆ వివరాలు దొరికిన తరువాత ముకుతాడు రూపకం కొన్ని చోట్ల మరింత బలంగా నిలబడుతుంది, కొన్ని చోట్ల పక్కకు తప్పుకుంటుంది. శూర్పణఖకు తన ముఖం మీద తానే మాట చెప్పుకునే అవకాశాన్ని తెలుగు కథ ఇచ్చింది. ముక్కుదూలానికి మందపాటి రింగు పెట్టుకున్న యువతికి కూడా ముందుగా ఆ అవకాశం ఇచ్చి, ఆమె చెప్పినది విన్న తరువాతే విభేదించడం విమర్శ పాటించవలసిన కనీస మర్యాద.